ఎర్రపూస సూది

అక్షరగిరి ద్వారం దగ్గర గుర్రం దిగీ దిగగానే వసుకేతుడు నడుముకు కట్టుకున్న మూట విప్పి గాజును చూసుకున్నాడు.

అది అతని చెల్లెలు చారులత చేతి గాజు. మణిశైల రాజ్యం నుంచి బయలుదేరిన రోజున చిలకరెక్కలా పచ్చగా ఉండేది. ఒక్కచోట మాత్రం పెసరగింజంత బూడిదరంగు మచ్చ ఉండేది. ఇప్పుడా మచ్చ గాజంతా పాకింది. బొటనవేలు ఆనిస్తే కప్పేయగలిగినంత పచ్చదనమే మిగిలింది.

మాంత్రికుడు కంకాళుడు చేసిన పని అది. వాడు పండితుడి వేషంలో మణిశైల సభకు వచ్చి చారులతను తనకిచ్చి పెళ్లి చేయమని అడిగాడు. చారులత తండ్రి పక్కన నిలబడి, వాడి వెనక నేలవైపు చూపించి, "ఈయన నీడకు రెక్కలున్నాయేమిటి నాన్నగారూ?" అంది. సభంతా చూసింది. నేలమీద పడింది మనిషి నీడ కాదు, రాబందు నీడ. కంకాళుడు గుప్పెడు బూడిద తీసి ఆమె పాదాల మీద చల్లి మాయమయ్యాడు. ఆ పాదాల నుంచే ఆమె రాయి కావడం మొదలైంది. గాజు ఎంతమేర రాయైతే చారులత అంతమేర రాయైనట్టు. గాజు పూర్తిగా మారిపోతే ఇక చేయగలిగిందేమీ లేదు.

దీనికి విరుగుడు చెప్పే తాళపత్రం లోకంలో ఎక్కడైనా ఉంటే అది అక్షరగిరిలోనే ఉంటుందని మణిశైల పండితులందరూ ఒకే మాట చెప్పారు.

"మూట కట్టేయండి దొరా. పైన మన చుట్టాలు తిరుగుతున్నారు," అన్నాడు బొల్లడు గుర్రాల కళ్లేలు పట్టుకుని.

వసుకేతుడు తలెత్తాడు. కొండ చుట్టూ రాబందులు గిరికీలు కొడుతున్నాయి. మణిశైల యువరాజు ఏ దారిన వస్తాడా అని దారి పొడుగునా కాపలా కాస్తున్న కంకాళుడి వేగులవి. అందుకే వసుకేతుడు కత్తిని మందుల సంచిలో దాచి, నుదుట విభూతి పెట్టి, వైద్యుడి వేషంలో ఇంతదూరం వచ్చాడు. బొల్లడు మందుల సంచి మోసే నౌకరు. నిజానికి వాడు ఒకప్పుడు మణిశైల ఖజానాకు కన్నం వేస్తూ పట్టుబడి, ఉరికంబానికి బదులు యువరాజు కొలువులోకి చేరిన దొంగ.

"దొరా అనకు. వైద్యులుగారూ అను."

"అలాగే దొరా."

అక్షరగిరి మామూలు కొండ కాదు. కొండనంతటినీ లోపల తొలిచి గదులు చేశారు. బయటి నుంచి చూస్తే తేనెపట్టులా వేలకొద్దీ కిటికీలు. శిఖరం మీద నుంచి దూకే సెలయేరు రెండు పాయలుగా చీలి, ద్వారానికి అటూ ఇటూ వెండి తెరల్లా జారి, ఒక్క తుంపర కూడా లోపల పడకుండా రాతికాలవలోకి వెళ్లిపోతుంది. ద్వారం దాటగానే నిమ్మగడ్డి నూనె వాసన, దాని వెనక పసుపు వాసన, ఇంకా వెనక ఎండిన తాటాకు వాసన గుప్పుమన్నాయి. కొన్ని వందల పెళ్లిళ్ల సామాను ఒక్కచోట పెట్టి తాళం వేసిన గదిలోకి అడుగు పెట్టినట్టుంది.

గడప లోపల చెక్కపలక మీద ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన దూది దిండు, దాని నిండా గుచ్చిన పొడుగాటి సూదులు. ఒక్కో సూది తలకు ఒక్కో రంగు పూస. ఈ గిరిలో ఉన్న ప్రతి గ్రంథం లెక్కా ఆమె చేతిలో ఉంటుంది. ఆమెను అందరూ పత్రమాత అంటారు.

"ఎవరు నువ్వు? ఎవరి కోసం వచ్చావు?" అంది వక్క కొరుకుతూ.

"వైద్యుణ్ణమ్మా. రాయిగా మారే జబ్బు గురించి తెలుసుకోవాలని వచ్చాను."

పత్రమాత అతని మొహం వంక, తర్వాత అతని అరచేతుల వంక చూసింది. కత్తి పట్టి కాయలు కాసిన అరచేతులు. "సరిగ్గా చెప్పావా నాయనా? సూది ఒక్కసారే ఇస్తాను."

వసుకేతుడి చెవిలో రాబందుల అరుపులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. "వైద్యుణ్ణే," అన్నాడు.

ఆమె నీలిపూస ఉన్న సూది తీసి ఇచ్చింది. "వెళ్లేటప్పుడు తిరిగివ్వు. మా దగ్గర గ్రంథాలైనా పోతాయిగానీ సూదులు పోకూడదు."

సూచికల మండపంలో అడుగుపెట్టిన వసుకేతుడు ఒక్క క్షణం నిలబడిపోయాడు. ఏనుగు మీద ఏనుగు నిలబడినా తగలనంత ఎత్తున పైకప్పు. మధ్యలో గుండ్రటి రంధ్రం గుండా ఎండ నేరుగా నేలమీది తెల్లరాతి పీఠం మీద పడుతోంది. మిగతా అంతా చల్లటి నీడ. పైదూలాల నుంచి తాళ్లకు తాటాకు కట్టలు వేలాడుతున్నాయి. ప్రతి కట్ట కింద ఒక చేట. గాలి వీచినప్పుడల్లా కట్టలన్నీ కదిలి, వాన మొదలయ్యే ముందు ఆకులు చేసే చప్పుడు చేస్తున్నాయి.

వెతికే పద్ధతి గోడమీద చెక్కి ఉంది. కట్టలోని ఒక్కో ఆకు ఒక్కో గ్రంథానికి గుర్తు. ఆకు మీద గ్రంథం పేరూ, అది ఉన్న గదీ రాసి ఉంటాయి. ఆకు పైఅంచు పొడవునా చిల్లులు, ప్రతి చిల్లు చుట్టూ ఒక రంగు. గ్రంథం ఏ సంగతికి పనికొస్తుందో ఆ చిల్లును అంచుదాకా చీల్చి ఉంచుతారు. కట్టలో ఆ చిల్లులోంచి సూది దూర్చి పైకెత్తితే చీల్చిన ఆకులు చేటలో రాలిపోతాయి, మిగిలినవి సూదికే వేలాడతాయి. రాలినవాటిని మళ్లీ కట్టగా పేర్చి ఇంకో సూది గుచ్చాలి. మొదట గుచ్చవలసింది ద్వారం దగ్గర ఇచ్చిన సూది. ఆ తర్వాత జ్వరం, రాయి, నీరు, తొందర, దూరం అంటూ సంగతికొక సూది బల్ల మీద పెట్టి ఉంది.

"బియ్యం చెరిగినట్టే," అన్నాడు బొల్లడు సంబరంగా. "గట్టిగా విదిలించండి. గింజ ఉంటుంది, పొట్టు పోతుంది."

వసుకేతుడు నీలిసూది దూర్చి ఎత్తాడు. చేటనిండా ఆకులు రాలాయి. వాటిని పేర్చి రాయి సూది గుచ్చాడు. నాలుగైదు ఆకులు జారాయి. మొదటి ఆకు తీశాడు.

'మూత్రాశయంలో రాళ్లు, వాటికి ఉలవచారు చికిత్స.'

రెండోది పిత్తాశయంలో రాళ్లు. మూడోది మందులు నూరే రాయి ఎంపిక. నాలుగోది మళ్లీ మూత్రాశయమే, ఇంకో ఆచార్యుడిది.

"ఈ ఊళ్లో నీళ్లు బాగోవనుకుంటా," అన్నాడు బొల్లడు.

వసుకేతుడు ఇంకో కట్ట పట్టాడు, తర్వాత మరొకటి. మంత్రం, శాపం, చర్మం, ఎముక, ఏ సూది గుచ్చినా వైద్యులు వైద్యుల కోసం రాసిన గ్రంథాలే రాలుతున్నాయి. ఒక ఆకు మాత్రం, 'మనుషులు రాళ్లగుట: చూచినవారి వర్ణనలు' అని ఉంది. పరుగున ఆ గదికి వెళ్లి గ్రంథం తెప్పించి చూస్తే, రాయి ఏ రోజున ఎంతవరకు పాకుతుందో చక్కగా వివరించి ఉంది. చివరి పత్రంలో 'చికిత్స లేదు' అని రాసి, కింద ఆచార్యుడి బిరుదులు వరసగా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి గాజులో పచ్చదనం గోరంత అయింది.

"రాళ్ల సంగతేనా నాయనా వెతుకుతున్నావు?" అని స్తంభం వెనక నీడలోంచి ఒక గొంతు వినిపించింది. అక్కడ గుడ్డి పండితుడొకడు తెల్లపూస సూది పట్టుకుని కూర్చున్నాడు. "నాదీ ఆ వ్యాపకమే. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నాను. నీకు దొరికితే నాకూ ఒక్కసారి చదివి వినిపించు."

"కళ్లు లేకుండా ఆకులెలా చూస్తున్నారు స్వామీ?" అన్నాడు బొల్లడు.

"గంటంతో గీసిన అక్షరాలు. వేళ్లకు తెలుస్తాయి."

"ఇంత చీకట్లో ఎందుకు, అలా ఎండలో కూర్చోరాదూ?"

"ఎండ పడదు," అన్నాడు పండితుడు.

ఇంతలో ఒక యువతి చంకలో బిడ్డతో రొప్పుతూ వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఆమె చేతిలో ఎర్రపూస సూది. వసుకేతుడు అప్పుడే వదిలేసిన కట్ట దగ్గరకే వచ్చి, ఒంటిచేత్తో సూది దూర్చలేక నిలబడింది. బొల్లడు అందుకుని దూర్చాడు, ఎత్తాడు, రాలిన ఆకుల్లో ఆమె చూపించిన జ్వరం సూది గుచ్చి మళ్లీ విదిలించాడు. పైన పడిన ఆకు ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని ఒక్కసారి చదివి ఆమె ఆ గదివైపు పరుగెత్తింది.

వసుకేతుడి చేయి గాలిలోనే ఆగిపోయింది.

"బొల్లడూ, ఆ ఆకు మీద ఏముంది?"

"నాకు చదువెక్కడిది దొరా? ఆవిడ పైకి చదువుతుంటే విన్నా. 'జ్వరము వచ్చిన బిడ్డ తల్లి తెల్లవారువరకు చేయవలసిన పనులు' అని."

అదే కట్టను అతనూ వెతికాడు. ఆ ఆకు ఒక్కసారి కూడా రాలలేదు. వసుకేతుడు సూదికి వేలాడుతూ మిగిలిపోయిన ఆకుల్ని గబగబా తిరగేశాడు. నీలిచిల్లు చీల్చనివి, ఎర్రచిల్లు చీల్చినవి గుట్టలు గుట్టలు. తను పొట్టు అనుకుని పక్కన పెట్టినవన్నీ అవే. అతను పత్రమాత దగ్గరికి పరుగెత్తాడు.

"గ్రంథాన్ని దేని గురించి రాశారో దాన్ని బట్టి మీరు సర్దలేదు. అవునా?"

"ఇప్పుడు సరిగ్గా అడిగావు," అంది పత్రమాత. "ఈ గిరి కట్టించిన మహారాణి పదిమంది పిల్లల తల్లి. ఆవిడ ఇంట్లో ఉప్పు జాడీ మిగతా జాడీలతో ఉండేది కాదు, పొయ్యి పక్కన ఉండేది. ఎవరికి కావాలి, ఏ చేతికి అందాలి, అదే ఆవిడ లెక్క. జ్వరం గురించి వైద్యుడికి కావలసింది వేరు, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదానికి కావలసింది వేరు. ఒకరిది ఇంకొకరికిస్తే ఇద్దరికీ నష్టమే. అందుకే వైద్యుడికి నీలిపూస, అయినవాళ్లకు ఎర్రపూస."

"నాకు వేరే సూది కావాలి."

"ఒక్కసారే అన్నాను. మార్చాలంటే మండపం మధ్య పీఠమెక్కి, నువ్వెవరివో ఎవరి కోసం వచ్చావో అందరూ వినేలా చెప్పాలి."

బొల్లడు అతని చేయి పట్టుకుని పక్కకు లాగాడు. "వద్దు దొరా. మూడు నదులు దాటాం, కొండచిలువ నోట్లోంచి బయటపడ్డాం, అంతా ఈ వేషం పుణ్యాన. ఇక్కడ పేరు చెబితే ఆ కిటికీలోంచి రాబందులు దిగుతాయి. మీరు పోతే చారులతమ్మకు ఇక దిక్కెవరు?"

వసుకేతుడు గాజు తీసి చూపించాడు. పచ్చదనం ఆవగింజంత ఉంది. బొల్లడు చేయి వదిలేశాడు.

వసుకేతుడు పీఠమెక్కాడు. పైనుంచి ఎండ అతని మీద పడింది. నుదుటి విభూతి తుడిచేశాడు.

"నేను వైద్యుణ్ణి కాను. మణిశైల యువరాజు వసుకేతుణ్ణి. నా చెల్లెలు చారులత రాయి అవుతోంది. నేను ఆమె అన్నను. అన్నగా వచ్చాను."

పత్రమాత లేచి వచ్చి ఎర్రపూస సూది అతని చేతిలో పెట్టింది. ప్రాణం లేచొచ్చినట్టు అతను దగ్గరి కట్ట మీదికి దూకాడు. ఎర్రసూది, తర్వాత రాయి సూది, ఆ తర్వాత తొందర సూది. మూడోసారి విదిలించగానే చేటలో ఒకే ఒక్క ఆకు పడింది.

'శిలయగు తోబుట్టువునకు. ఊయలల గది, పడమటి కొస.'

"చదివి వినిపించమన్నాను కదా నాయనా," అంది ఒక గొంతు మరీ దగ్గరగా.

గుడ్డి పండితుడు స్తంభం చాటునుంచి వచ్చి చేయి చాపాడు. ఆకు అందుకోవాలన్న ఆత్రంలో ఎండలోకి ఒక అడుగు వేశాడు. తెల్లరాతి మీద రెండు రెక్కలు విప్పుకున్నాయి.

"కంకాళా," అన్నాడు వసుకేతుడు.

"పండితుణ్ణని చెప్పి లోపలికొచ్చిన పాపానికి ఇన్నేళ్లూ వచ్చినప్పుడల్లా ఈ తెల్లసూదే పట్టుకు ఏడ్చాను," అన్నాడు కంకాళుడు, కళ్లు పూర్తిగా తెరిచి. "నా రాళ్లను నామీదికే తిప్పే గ్రంథం ఒకటుందని తెలుసు. కాల్చేద్దామంటే దొరకదు. నీలాంటి అన్న ఎవడో ఒకడు వస్తాడని కాచుకున్నాను. ఇలా తే."

వాడు గుప్పిట్లోకి బూడిద తీశాడు. అదే క్షణాన పత్రమాత గోడకున్న మోకు ముడి ఊడలాగింది. దూలాల మీది కట్టలన్నీ ఒక్కసారి తెగిపడ్డాయి. మండపమంతా తాటాకుల వాన. వేల ఆకులు మాంత్రికుడి తలమీద, భుజాల మీద, గుప్పెడు బూడిద మీద కురిశాయి.

"పరుగెత్తు నాయనా. బొల్లడూ, నువ్వూ వెళ్లు. తిరిగొచ్చాక ఇవన్నీ సర్దే పని నీది."

ఇద్దరూ మెట్లు ఎగబాకారు. వెనక ఆకుల గుట్టలోంచి రెక్కల చప్పుడు మొదలైంది. మలుపు మీద మలుపు తిరిగి, పడమటి ద్వారం తోసుకుని లోపలికి వెళ్లబోయిన వసుకేతుడు గడప మీదే ఆగకపోతే అగాధంలో పడేవాడు. ఊయలల గదికి నేల లేదు. కొండ కడుపులో లోతైన బావిలా ఉంది అది. అడుగున ఎక్కడో నది హోరు. పైకప్పు నుంచి ఇత్తడి గొలుసులకు చందనపు ఊయలలు వేలాడుతున్నాయి. ఒక్కో ఊయలలో పసిబిడ్డలా పట్టుగుడ్డలో చుట్టిన గ్రంథం. చివరి ఊయల పడమటి కిటికీ పక్కన, అస్తమించబోయే ఎండలో మెరుస్తోంది.

వసుకేతుడు దూకాడు. మొదటి ఊయల అంచు పట్టుకుని ఊగి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి. బొల్లడు గోడ పగుళ్లలో వేళ్లు దూర్చి బల్లిలా పాకుతూ కిటికీవైపు వెళ్తున్నాడు. వసుకేతుడు చివరి ఊయలలో పడి పట్టుగుడ్డ విప్పేసరికి గదిలోకి పెద్ద నీడ దూసుకొచ్చింది. ఈసారి నీడకు తగ్గ ఒళ్లే వచ్చింది. ఎడ్లబండంత రాబందు.

ఊయల గిర్రున తిరుగుతుండగా వసుకేతుడు మొదటి పత్రం చదివాడు.

'తోబుట్టువు గుర్తును ఎడమ గుప్పిట పట్టి, ఇంట్లో పిలిచే పేరుతో పిలువుము. ఆ రాయి నీలోనికి వచ్చును. పరాయివాడు పిలిచిన రాదు. వచ్చిన రాయిని పంపినవాని నిజదేహమునకు తాకించిన వానిదే అగును. అంతకుముందే నీ గుండెకు చేరిన ఇద్దరును శిలలే.'

వైద్యులకు ఈ గ్రంథం ఎందుకు దొరకదో అతనికప్పుడు అర్థమైంది. గాజు గుప్పిట్లో బిగించాడు. పచ్చదనం ఇక కంటికి ఆనడం లేదు.

"పిచ్చుకా," అని పిలిచాడు.

గాజు వెచ్చబడింది. వేళ్ల కొసల నుంచి చలి ఎక్కింది. చూస్తుండగా గోళ్లు, వేళ్లు, గుప్పిట అంతా బూడిదరంగు రాయి అయింది. ఆ రాతివేళ్ల సందుల్లోంచి గాజు ఆకుపచ్చగా మెరిసింది. దూరాన మణిశైలలో గొంతుదాకా వచ్చిన రాయి కిందికి దిగుతూ ఉండాలి. అతను గట్టిగా నవ్వాడు.

రాబందు గోళ్లు చాచి మీద పడింది. వసుకేతుడు రాతి గుప్పిట విసిరాడు. దెబ్బ రెక్క అంచుకు ఒరుసుకుంది. ఒకే ఒక్క ఈక రాయైపోయి, టంగుమని ఊయల గొలుసుకు తగిలి నదిలో పడింది. వసుకేతుడి చిటికెనవేలి గోరు మళ్లీ గులాబిరంగుకు వచ్చింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

రాబందు గాలిలోనే ఆగి, తల తిప్పి, కిటికీవైపు తిరిగింది. మణిశైల సభ నుంచి అక్షరగిరి దాకా వెంటాడిన కంకాళుడు పారిపోవడం అదే మొదలు. ఈ రాబందే వాడి నిజదేహం, సందేహం లేదు.

"దొరా, పట్టుకోండి," అని అరిచాడు కిటికీ మీద కూర్చున్న బొల్లడు. వాడి ఉచ్చుతాడు రాబందు కాలికి బిగుసుకుంది. రెండో కొస వాడి నడుముకే ఉంది. రాబందు బయటికి దూకింది, తాడుతోపాటు బొల్లడూ వెళ్లిపోయాడు. వసుకేతుడు గ్రంథాన్ని నడుములో దోపుకుని ఊయలను ఒక్క ఊపు ఊపి కిటికీలోంచి దూకాడు. కుడిచేతికి తాడు అందింది.

కింద కొండ గిర్రున తిరిగింది. చూస్తుండగా సెలయేరు దారమంత సన్నబడింది. ద్వారం మీది అరుగుపై పత్రమాత నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నాయనా, సూది," అని కేకవేసింది.

ఎర్రపూస సూది అతని తలపాగాలోనే గుచ్చి ఉంది.

"చెల్లెలితో కలిసొచ్చి ఇస్తానమ్మా."

మణికట్టు దాటి రాయి మోచేతి వైపు పాకింది. పైన రాబందు మెడ వంచి, గాలికి ఊగుతున్న ఆ బూడిదరంగు గుప్పిట వైపు చూసి రెక్కల వేగం పెంచింది. వసుకేతుడు తాడును పళ్లతో కరిచిపట్టి, రాతి చేతికి ఒక చుట్టు చుట్టి, కుడిచేత్తో ఇంకాస్త పైన పట్టు దొరకబుచ్చుకుని, కంకాళుడి వైపు ఎక్కడం మొదలుపెట్టాడు.